కత్తి చేతబట్టుట నేరమా?

కత్తిని మొలను దోపుకొని వీధి నడచువానికి ఇప్పటికంటె కఠినమైన కారాగారశిక్ష విధింపవలెనని మనలో విద్యావంతులగువారు పలువురు కోరుచున్నారు. ఎచ్చటనైన నొక హత్య జరిగినప్పుడెల్ల ఈ కోరిక బలపడుచుండును. వారి యుద్దేశము మంచిదే. హంతకుని ఉరిదీసినను పోయిన ప్రాణము తిరిగి రాదు గనుక, కత్తి యింకను ఒరలో నుండగనే వానిని పట్టి చెరయం దుంచుట మేలుకాదా యని వారి ప్రశ్న. దీనిని తేలికగా త్రోసివేయుట ధర్మము కాదు. అయినను ఔనని చెప్పుటకు ముందు, మనము నివసించు సీమలో కత్తి యెవరిచేత నుండునో యొకింత చూడవలసియున్నది.

అవనిగడ్డనుండి నాగాయలంకకును కోడూరునకును పోవు బాటలపై తెల్లవారుజామున నిలుచుండి చూచినచో కత్తి లేని చేయి అరుదు. వరికోతకు పోవు స్త్రీల చేతులలో కొడవళ్లుండును. చెరకు నరకబోవువారి భుజములపై కత్తులుండును. గీతకార్మికుడు మోకుతోపాటు గీతకత్తిని మొలను కట్టుకొని తాటితోపునకు నడచును. చేపలవేటకు పోవువాడు త్రాళ్లు కోయుటకు చాకు నుంచుకొనును. కొబ్బరిబోండములు కొట్టువాని బండిపై నుండు కత్తి బరువును చూచినవా రెవరును దానిని ఆటవస్తు వనరు. వీనిలో నే యొక్కటియైనను మనుష్యుని ప్రాణము తీయుటకు చాలును. అయినను ఆ బాటపై నడచువారి నెవ్వరిని చూచియు మనము భయపడుట లేదు. ఏలయన, కత్తి యేల చేతనున్నదో మనకు తెలియును.

మన శాసనమును ఈ భేదమును పాటించినది. 1959వ సంవత్సరపు ఆయుధశాసనము కేవలము గృహకృత్యములకును వ్యవసాయమునకును చేయబడిన పనిముట్లను ఆయుధములుగా నెంచదు. దానిక్రింది నిబంధనలు తొమ్మిదంగుళములకు మించిన పొడవుగాని, రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగున్న కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చి, అందును ఇంటిపనికి, పొలముపనికి, పరిశ్రమకు ఉద్దేశింపబడినవానిని మినహాయించినవి. మరియు తుపాకి కాని ఆయుధమును ధరించుటకు లైసెన్సు కావలయు ననవలెనన్నచో, ఆ ప్రాంతమునుగూర్చి కేంద్రప్రభుత్వము ముందుగా ఒక ప్రకటన చేయవలెను. ఢిల్లీనగరమునకు 1980లో అట్టి ప్రకటన వెలువడి, మీటనొక్కగా తెరచుకొను మూడంగుళముల కత్తిని సయితము శాసనము క్రిందికి తెచ్చినది. అట్టి ప్రకటనకు విరుద్ధముగా కత్తిని ధరించిన నేరము రుజువైనచో శాసనము ఒక కనిష్ఠ కారాగారశిక్షను విధించినది. విశేషకారణములు వ్రాసియే న్యాయాధిపతి దానిని తగ్గింపవలెను. కావున మనదేశమున కత్తిని మోయుటకు శిక్షయే లేదనువారు శాసనమును చదువనివారు.

ఇక ధర్మవిచారమునకు వత్తము. మెకాలే ప్రభువు పూనికతో రూపొంది 1860లో శాసనమైన శిక్షాస్మృతి, పాపమునకు తలపు, సన్నాహము, ప్రయత్నము, కార్యము అను మెట్లను గుర్తించి, సాధారణముగా మొదటి రెండింటికి దండన విధింపలేదు. 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఈ మార్గమును విడువలేదు. బందిపోటునకు సన్నాహము చేయుట మాత్రము రెండింటను ఘోరనేరము, పదేండ్లవరకు శిక్ష. ఈ మినహాయింపునకు కారణము సులభగ్రాహ్యము. అయిదుగురు గుమిగూడి దోపిడికి సమకట్టుచుండిరని రుజువైన పిమ్మట, దానికి వేరొక నిర్దోషమైన అర్థము చెప్పవీలుకాదు. కత్తి యొక్కటి మొలనుండుటకు నూరు నిర్దోషమైన అర్థములు కలవు. తలపును రుజువుపరచుట కష్టమని, తలపు నడుగుటయే మాని, వస్తువునుబట్టి మనుష్యుని దండించుటకు పూనుకొన్నచో అది న్యాయము చేయుటకాదు, శ్రమ తప్పించుకొనుట.

సోదా చేయబడువా రెవరో కూడ ఆలోచింపవలెను. కారులో పోవు భూస్వామి మొలను తడవిచూచిన పోలీసు జవాను నెవరైన కనియుందురా? ధనికునకు స్వయముగా కత్తి మోయవలసిన యక్కరయే లేదు. అతనికొరకు మోయువా డొకడుండును. రాత్రి రెండవ ఆట వదలినపిమ్మట బస్సుస్టాండులో పట్టుబడువాడు కూలివాడు, లేదా ఊరూర తిరుగు సంచారజాతివాడు. ఈ మాట ఊహకాదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల శాసనము చేసి, కొన్ని కులములవారిని పుట్టుకతోనే అనుమానితులుగా నెంచినది. మనకు కూతవేటు దూరమున, బాపట్ల చెంత, 1913లో స్టూవర్టుపురము అట్టివారికొరకే ఏర్పడినది. ఆ శాసనము 1952లో దేశమంతట రద్దయ్యెను. ఆ యూరి పేరు వినినంతనే ముఖము చిట్లించు అలవాటు మనవారిలో ఇప్పటికిని రద్దుకాలేదు. కత్తి దొరకినచో సంవత్సరములకొలది చెర తప్పదని శాసించినచో, ఆ బరువు మరల నెవరి తలపై పడునో చెప్పనక్కరలేదు.

మరియొక ప్రక్క చూడుడు. సంక్రాంతి మూడుదినములును కృష్ణా గోదావరీ మండలములలో కోడిపందెములు జరుగును. కోడికాలికి కట్టు కత్తులు పెట్టెలకొలది బహిరంగముగా తేబడును. 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ శాసనమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదశాసనమును వీనిని నిషేధించుచున్నవి. ఉన్నతన్యాయస్థానము పలుమా రాదేశించినది. అయినను బరిచుట్టు కుర్చీలలో నాసీనులగువారు సామాన్యులు కారు. జీవుల నొండొంటిపై ఉసికొల్పినందుకు 1960 శాసనము మొదటి తప్పునకు విధించిన జరిమానా పది రూపాయలకు తక్కువగాక, ఏబది రూపాయలకు మించక! ఆ కత్తి మనుష్యుని విడుచునా? 2021లో జగిత్యాల జిల్లాలో తన కోడి కాలికి కట్టిన కత్తియే తగిలి యొకడు మృతినొందెను. 2018 అక్టోబరు 25వ తేదీన విశాఖపట్టణపు విమానాశ్రయమున నాటి ప్రతిపక్షనాయకుడు వై.యస్. జగన్మోహనరెడ్డిగారి భుజమునకు గాయము చేసినది ఈ కోడికత్తియే. తొమ్మిదంగుళముల కొలబద్దకు అది అందనే అందదు. ఆ వ్యాజ్యమున నిందితుడు తీర్పు వెలువడకమున్నే చాల సంవత్సరములు చెరలో గడపి 2024 ఫిబ్రవరిలో బెయిలు పొందెను. ఆ వ్యాజ్యపు నిజానిజములతో మాకిచట పనిలేదు. ఒకే కత్తి పండుగబరిలో నున్నప్పుడు ఏబదిరూపాయల వినోదమనియు, మరియొకచోట మహాపరాధమనియు మనము నడపుచున్న లోకవ్యవహారము మాత్రము చదువరులు గమనింపవలెనని మా ప్రార్థన.

ఇంతవరకు చెప్పినది విని, ఎదుటిపక్షమువారు మమ్ము ఒక ప్రశ్న వేయుదురు. అది వేయదగిన ప్రశ్న. 2021 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్యదినమున, గుంటూరునగరపు నడివీధిలో పట్టపగలు ఒక యువకుడు ఇంజనీరింగు విద్యార్థినియగు నొక బాలికను కత్తితో పొడిచి చంపెను. మరుసటి సంవత్సరము ఏప్రిలులో ప్రత్యేకన్యాయస్థానము వానికి మరణదండన విధించెను. ఆ దినమున ఆ వీధికి రాకమునుపే వాని జేబులోని కత్తి పట్టుబడియుండినచో, మీరు వానిని మందలించి పంపివేయుదురా యని వారడుగుదురు. పంపివేయము. తన్ను నిరాకరించిన స్త్రీని వెంటాడుచు కత్తి మోయువాని విషయమున సన్నాహమునకును ప్రయత్నమునకును నడుమ ఎడము మిక్కిలి సన్నము. అట్టివానిని నిర్బంధించుట న్యాయమే. కాని వానిని గీతకార్మికునినుండి వేరుచేయునది ఏమి? కత్తి పొడవు కాదు. వాని పూర్వప్రవర్తన, వాని బెదిరింపులు, ఆ స్త్రీ మాట. ఆ మాటను ముందుగా వినువా డుండినగదా కత్తి అర్థము తెలియుట! ఆడపిల్ల ఠాణాకు పోయిన పరువు పోవునని ఇంటివారే నోరు మూయించుచున్నంత కాలము, శిక్ష ఏడాదియైన నేమి, ఏడేండ్లైన నేమి? ఈ నింద శాసనకర్తలది కాదు, మనవంటి గృహస్థులది.

శిక్షను పెంచిన దేశముల అనుభవము కొంత కలదు. ఇంగ్లండులో 1988 నాటి శాసనము తగిన కారణము లేక బహిరంగస్థలమున అలుగుగల వస్తువును కలిగియుండుట నేరమన్నది. మూడంగుళములకు మించని మడతచాకును విడిచినది. మొదట జరిమానాయే శిక్ష. 1996లో అది రెండేండ్ల చెరవరకును, 2006లో నాలుగేండ్లవరకును పెరిగెను. 2015నుండి రెండవమారు పట్టుబడినవానికి సాధారణముగా ఆరునెలలకు తక్కువ కాకూడదనిరి. అయినను 2014 పిమ్మట ఆ దేశమున కత్తినేరముల లెక్క కొన్ని సంవత్సరములు ఎగబ్రాకుచునే వచ్చెను. స్కాట్లండునందును శిక్షలు పెరిగినవి; కాని గ్లాస్గో నగరమున 2005లో పోలీసువారే వైద్యులను, ఉపాధ్యాయులను చేర్చుకొని, కత్తిపోటును అంటువ్యాధివలె నెంచి పనిచేయుట కారంభించిరి. తరువాతి పదేండ్లలో అచ్చటి హత్యలు బాగుగా తగ్గినవి. ఆంగ్లశాసనమున మాకు నచ్చిన దొక్కటి కలదు: వృత్తి, మతము, జాతీయవేషము అను కారణములను అది పేర్కొని అంగీకరించినది. మన రాజ్యాంగమును సిక్కుల కృపాణమును ఇరువదియైదవ అధికరణమున ఆదరించినదిగదా.

ఇటలీ దేశపు బెక్కారియా పండితుడు 1764లోనే శిక్షయొక్క క్రౌర్యముకంటె శిక్ష తప్పదను నిశ్చయమే నేరము నాపునని వాదించెను. ఆయుధము ధరింపరాదను శాసనములు నేరముచేయ తలపులేనివానినే నిరాయుధుని చేయుననియు నాతడు చెప్పెను. రెండవమాటను మేము పూర్తిగా నంగీకరింపము. మొదటిమాట మాత్రము న్యాయస్థానమున పనిచేయు ప్రతివాడు నిత్యము కనుగొను సత్యము. న్యాయాధిపతి చేతులు కట్టివేసిన శిక్ష ధర్మమునకు సరిపడదని మన సర్వోన్నతన్యాయస్థానమును చెప్పియున్నది: నిషిద్ధాయుధ ప్రయోగమున ప్రాణహాని జరిగినచో మరణదండనయే తప్ప వేరులేదనిన ఆయుధశాసనపు నిబంధనను 2012లో కొట్టివేసినది.

కాబట్టి మాకు సమ్మతమైన మార్గ మిది. కత్తి చూపి బెదిరించినవానికి, ఊరేగింపునకు కత్తితో వచ్చినవానికి, అల్లరిమూకలో ఆయుధముతో నిలిచినవానికి శిక్ష గట్టిగా నుండవలెను. అల్లరిమూకవిషయమున పూర్వము మూడేండ్లుగా నున్న పరిమితిని క్రొత్తసంహిత అయిదేండ్లు చేసినది. దానికి మేము విరోధులము కాము. బెదిరింపులకు అలవాటుపడినవానినుండి మంచినడవడికి పూచీకత్తు తీసికొను అధికారము తహశీలుదారులకు కలదు. మన పల్లెలలో బైండోవరని పిలువబడు ఈ ఉపాయము ఎన్నికల ముందు ప్రతిపక్షమువారిని వేధించుటకే యెక్కువగా వినియోగింపబడుచున్నదను మాట నిజమే. స్త్రీలను వెంటాడువారిపై దానిని వినియోగించినచో దాని పేరు కొంత బాగుపడును. పూచీ యిచ్చిన పిమ్మటను కత్తితో పట్టుబడినచో వాని తలపు తానే రుజువైనట్లు. అప్పు డధికశిక్ష న్యాయము. తక్కినవారికి, అనగా పిరికితనముచేతనో, ఆడంబరముచేతనో చాకు జేబున నుంచుకొన్న పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానికి, కత్తి వశపరచుకొని, జరిమానా వేసి, తండ్రిని పిలిపించుట చాలును. అట్టివానిని రాజమహేంద్రవరపు చెరసాలకు పంపినచో అచ్చట వానికి దొరకు గురువు లెవరో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విచక్షణకు ఆధారము సోదానాటి పత్రము. ఇప్పుడు పంచనామాలో కత్తి పొడవు, వెడల్పు, పిడి కొయ్యదో కొమ్ముదో, ఎక్కడ తుప్పుపట్టినదో శ్రద్ధగా వ్రాయుచున్నారు. పట్టుబడినవాని వృత్తి యేమి, ఎచ్చటనుండి ఎచ్చటికి పోవుచుండెను, కత్తి యేల యని అడిగినప్పు డేమని బదులిచ్చెను అను మూడు సంగతులును అందు తప్పక వ్రాయబడవలెను. క్రొత్త నాగరికసురక్షాసంహిత సోదాను దృశ్యశబ్దరూపమున చిత్రింపవలెనని 105వ విధియందు శాసించియేయున్నది గనుక, ఆ ప్రశ్నయు బదులును అందు వినబడునట్లు చూచుట మన ప్లీడర్ల సంఘములు ప్రతి ఠాణాయందును అడుగదగిన పని.