మనసుకు తగిలిన దెబ్బ – ముందు గుడ్డ, తర్వాతే బోధ





ఈసారి మన దగ్గరి సంగతితోనే మొదలుపెడదాం. మన చౌటుప్పల్ నడుమ నుంచే హైదరాబాద్–విజయవాడ రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి పోతది. ఆ రోడ్డు మీది యాక్సిడెంట్ల సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. మన ఉపాసకుడొకతను తమ్ముణ్ణి వెనక ఎక్కించుకొని బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. తమ్ముడు అక్కడికక్కడే పోయిండు. ఇతని కాలు విరిగింది, కొన్ని నెలలకు అతికింది. మనసు మాత్రం అతకలేదు. లారీ హారన్ వినపడితే ఒళ్లంతా చెమటలు. రోడ్డు దాటాల్సి వస్తదని పనికి పోవుడే మానేసిండు. అర్ధరాత్రి తమ్ముని పేరు పెట్టి అరుస్తూ లేస్తడు. మందు తాగితే తప్ప కన్ను మూతపడదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించిండ్రు.

మరి నేనేం చేసిన? “కండ్లు మూసుకొని కూసో తమ్మీ, శ్వాసను గమనించు, అన్నీ సర్దుకుంటయి” అన్న. కండ్లు మూయంగనే అతనికి కనబడింది రోడ్డు మీద పడ్డ తమ్ముడు. వణుక్కుంట లేచి బయటికి పోయిండు. తర్వాత చాలా వారాలు వందనకు రాలేదు. తప్పు అతనిది కాదు, నాది. ఇంకెవరూ ఆ తప్పు చేయొద్దనే ఈ మాటలు రాస్తున్న.

బాబాసాహెబ్ కన్నీళ్లు

“గుండెధైర్యం లేనోళ్లకే ఇట్లయితది” అని కొందరంటరు. వాళ్లు బాబాసాహెబ్ జీవితం చదవాలి. విదేశాల్లో చదువుకొని 1917లో ఆయన బరోడా సంస్థానం కొలువుకు వెళ్లారు. కులం వల్ల ఎక్కడా గది దొరకదు. చివరికి పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో దిగారు. పదకొండో రోజున డజను మంది కర్రలు పట్టుకొని వచ్చి చుట్టుముట్టారు, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే రచనలో ఆయన ఆ సంగతి రాశారు. పద్దెనిమిదేండ్లు గడిచినా ఆ దృశ్యం కండ్లముందు నుంచి పోలేదని, తలుచుకున్నప్పుడల్లా కన్నీళ్లు వస్తాయని చెప్పుకున్నారు.

ఆయనకు రోగం ఉండెనని నేను అనడం లేదు. అంత ధీరుడికి కూడా దెబ్బ గుర్తు మిగిలింది అంటున్న. దెబ్బ తగలడం బలహీనత కాదు.

లోపల ఏం జరుగుతది?

ప్రాణం పోతదనే భయం కలిగినప్పుడు మెదడు గంట కొట్టినట్టు శరీరాన్ని లేపుతది. కొట్లాడు, లేకుంటే ఉరుకు అంటది. ఆపద దాటినంక ఆ గంట ఆగిపోవాలి. కొందరిలో ఆగదు. జరిగిపోయింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు కండ్లముందుకు వస్తది. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఆ చోటుకు పోవాలంటే జంకు, మనుషుల మీద నమ్మకం పోవడం, ‘నావల్లే ఇట్లయింది’ అని కుమిలిపోవడం. పిల్లలైతే మానుకున్న పక్కతడుపుడు మళ్లీ మొదలవుతది, జరిగినదాన్నే ఆటగా మళ్లీ మళ్లీ ఆడతరు.

దెబ్బ తిన్నవాళ్లలో చాలామంది తమవాళ్ల అండతో మెల్లగా కోలుకుంటరు. కానీ నెల దాటినా ఈ బాధలు తగ్గక బతుకును ఆపేస్తుంటే దాన్ని డాక్టర్లు పీటీఎస్‌డీ అంటరు. 1980లో అమెరికా మానసిక వైద్యులు ఆ పేరును తమ రోగాల పుస్తకంలో చేర్చారు. ఇది దయ్యం కాదు, బాణామతి కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. దుక్ఖానికి కారణం ఉంటది, కారణం ఉన్నదానికి నివారణ ఉంటదని కదా తథాగతుడు చెప్పింది!

పటాచారకు బుద్ధుడు ఏం చేశాడు?

పటాచార శ్రావస్తిలో ధనవంతుల బిడ్డ. ఇంట్లో పనిచేసేవాణ్ణి ఇష్టపడి అతనితో వెళ్లిపోయింది. ఒక్క తుఫాను సమయంలో భర్త పాము కాటుకు పోయిండు, పసిగుడ్డును గద్ద ఎత్తుకపోయింది, పెద్దకొడుకు ఏట్లో కొట్టుకపోయిండు. పుట్టింటికి పోదామంటే ఇల్లు కూలి తల్లిదండ్రులు, అన్నదమ్ముడు చనిపోయారని తెలిసింది. ఒంటి మీద బట్ట ఉందో లేదో తెలియని స్థితిలో తిరుగుతుంటే జనం పిచ్చిదని తరిమారు.

జేతవనంలో బుద్ధుడు ఏం చేశాడో వరుసగా చూడండి. మొదట, ఆమెను ఆపవద్దన్నాడు. తర్వాత, చెల్లెలా అని పిలిచి ఎరుకలోకి రమ్మన్నాడు. అక్కడున్న ఒకాయన కప్పుకోవడానికి గుడ్డ ఇచ్చాడు. ఆమె తన గోస అంతా చెప్పుకుంది. ధమ్మబోధ ఆ తర్వాతే! పటాచార భిక్షుణి అయింది, వినయంలో అగ్రగణ్యురాలైంది, బిడ్డలను పోగొట్టుకున్న ఎందరో తల్లులకు ఆసరా అయింది.

నేను గుడ్డ ఇవ్వకముందే బోధ మొదలుపెట్టిన. అదీ నా తప్పు.

వైద్యం ఉంది

శిక్షణ పొందిన సైకాలజిస్టు దగ్గర మాటలతో చేసే వైద్యం ఉంది. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు కూర్చోవాలి. జరిగినదాన్ని కొద్దికొద్దిగా, భయం అదుపులో ఉండేటట్టు చెప్పిస్తరు, తప్పించుకు తిరిగే చోటుకు మెల్లగా అలవాటు చేస్తరు. కండ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది. కొందరికి సెర్ట్రలిన్ వంటి మందులు రాస్తరు. అవి పనిచేయడానికి వారాలు పడతయి. డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు, అవి అలవాటై కూర్చుంటయి. సారాయి గాయాన్ని ఇంకా కెలుకుతది. పంచశీలలో ఐదో శీలం ఇక్కడ మందుతో సమానం.

ధ్యానం మంచిదే, కానీ వైద్యానికి బదులు కాదు. విపశ్యన కేంద్రాల్లో కూడా చేరేముందు మానసిక రోగం ఉందా అని అడుగుతరు. అటువంటివాళ్లకు మొదట్లో కండ్లు తెరిచి, కాళ్లు నేలకు ఆనించి కాసేపు కూర్చోవడం, మెల్లగా నడుస్తూ అడుగును గమనించడం మేలు. కష్టమైతే ఆపేయమనాలి.

“ఎర్రగడ్డకు పోవాల్నా?” అని సిగ్గుపడకండి. చెయ్యి విరిగితే దవాఖానకు పోతలేమా? మన జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం మన హక్కు.

న్యాయం వచ్చేదాకా ఆగొద్దు

దెబ్బ కులం కొట్టినదైతే మందుతో పాటు కొట్లాట కూడా కావాలి. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపారు. నల్లగొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఆరేండ్లు దాటింది! అన్నేండ్లు మనసు గాయాన్ని అట్లనే వదిలేస్తమా? కేసు నడుస్తుండగానే వైద్యమూ నడవాలి. అట్లనే, హత్యల వీడియోలు ఫోన్లలో పంచుకోవద్దు. చూసిన పిల్లల మనసులోనూ ఆ దెబ్బ దిగుతది.

మన వాడలో ఎవరికైనా ఇట్లయితే మనం చేయాల్సింది ఇది: పక్కన కూర్చోవాలి. చెప్పమని పీడించొద్దు, చెప్తే మధ్యలో అడ్డం పడొద్దు. అన్నం తిన్నడా, నిద్రపోయిండా చూడాలి. దవాఖానకు తోడు పోవాలి. చచ్చిపోతానంటే ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే వైద్యం అందించాలి.

ఆ ఉపాసకుని ఇంటికి తర్వాత నేనే పోయిన, క్షమించమని అడిగిన. డాక్టర్ దగ్గరికి తోడుపోయిన. ఇప్పుడు వందనకు వస్తున్నడు. కండ్లు తెరిచే కూర్చుంటడు. మొన్న నా చెయ్యి పట్టుకొని పెద్దరోడ్డు దాటిండు. మన సంఘానికి ఆ రోజు అది చిన్న సంగతి కాదు.

సబ్బ ప్రాణులకు మంగళం కలుగుగాక. సాధు, సాధు, సాధు.

జై భీమ్!