స్థలజ్ఞానం: తత్వప్రశ్న, మెదడు ప్రయోగం

స్థలం మనసుతో నిమిత్తం లేకుండా ఉన్నదా, లేక లోకాన్ని గ్రహించడానికి మనసుకు ఉన్న తీరేనా అన్నది తత్వశాస్త్రంలో పాత ప్రశ్న. వైశేషికులు దిక్కును నవద్రవ్యాల్లో ఒకటిగా, నిత్యమైనదిగా లెక్కించారు. న్యూటన్ దృష్టిలో స్థలం వస్తువులున్నా లేకున్నా ఉండేదే. 1781లో ఇమ్మాన్యుయేల్ కాంట్ వీరితో విభేదించాడు. స్థలం అనుభవం నేర్పేది కాదనీ, అనుభవం కలగడానికి మనసులో ముందే ఉండవలసిన రూపమనీ వాదించాడు.

1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్‌లో కొన్ని నాడీకణాలను గుర్తించారు. ఎలుక ఫలానా చోటికి చేరినప్పుడే అవి చురుకవుతాయి. వీటినే స్థాన కణాలంటారు. 1978లో ఓకీఫ్, లిన్ నాడెల్ తమ గ్రంథంలో వీటిని కాంట్ వాదంతో ముడిపెట్టారు. గూడు దాటి తిరగడం మొదలుపెట్టిన ఎలుకపిల్లల్లోనే ఈ కణాలు పనిచేస్తాయని 2010లో తేలింది.

మామూలు గదిలో చూపు, వాసన, స్పర్శ, నడక కలగలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడడానికి వర్చువల్ రియాలిటీ వీలు కల్పించింది. 2009లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు గాలిపై తేలే థర్మోకోల్ బంతి మీద చిట్టెలుకను ఉంచి, తల కదలకుండా బిగించారు. అది పరుగెత్తితే బంతి దొర్లుతుంది. దానికి తగ్గట్టు చుట్టూ ఉన్న తెరపై దారి కదులుతుంది. చిట్టెలుక ఉన్నచోటనే ఉన్నా, తెరమీది దారిలో ఆయా చోట్ల స్థాన కణాలు స్పందించాయి.

తిన్నని దారిలో కుదిరినది విశాలమైన ఆవరణలో కుదరలేదు. లాస్ ఏంజెలెస్‌లో మయాంక్ మెహతా బృందం ఒంటికి పట్టీ బిగించిన ఎలుకలను కల్పిత ఆవరణలో తిరగనిచ్చినప్పుడు, కణాలు చోటును గుర్తించడం చాలావరకు దెబ్బతిన్నదని 2015లో ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే ప్రిన్స్‌టన్‌లో ఎలుక నిజంగా ఒళ్లు తిప్పగల ఏర్పాటు చేసినప్పుడు స్థాన కణాలు సక్రమంగా పనిచేశాయి. చూపు ఒక్కటే చాలదనీ, శరీరం తిరిగే అనుభూతి కూడా కావాలనీ ఈ రెంటినీ పోల్చితే తెలుస్తుంది.

ఇంతమాత్రాన కాంట్ గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. ఆయన చెప్పిన ‘ముందు’ పుట్టుకకు సంబంధించినది కాదు, తర్కానికి సంబంధించినది. పైగా బంతిని, తెరను, కణాన్ని కొలిచే శాస్త్రజ్ఞుడు స్థలం ఉందని ముందే ఒప్పుకునే ప్రయోగం మొదలుపెడతాడు. ప్రాణి చోటును ఎలా తెలుసుకుంటుందో ప్రయోగం చెప్పగలదు. స్థలం అంటే ఏమిటో తేల్చవలసింది ఇప్పటికీ తత్వవిచారమే.