తృప్తి అంటే ఏమీ కోరకపోవడమా?

"అల్లాహ్ ఇచ్చినదానితో సరిపెట్టుకోవాలి, పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు" అని మన ఇళ్ళలో తరచూ వింటుంటాం. డాక్టర్ చదువుతానని కూతురు అడిగితే ముందుగా గుర్తొచ్చేది ఈ మాటే. తృప్తి గొప్ప సుగుణమే, సందేహం లేదు. కాని అది కోరికలకు వేసే తాళమా?

హజ్రత్ రబీఆ బిన్ కఅబ్ (రజి) దైవప్రవక్త (స) సేవలో ఉంటూ రాత్రివేళ వుజూకు నీళ్ళు అందించేవారు. ఒకసారి ప్రవక్త (స) ఆయన్ని ఏదైనా కోరుకోమన్నారు. మరొకరైతే ఏ ఒంటెనో, తోటనో అడిగేవారేమో! ఆయన స్వర్గంలో ప్రవక్త (స) సాహచర్యం అడిగారు. ఇంకేమైనా కావాలా అంటే అదొక్కటే చాలన్నారు. సహీహ్ ముస్లింలో ఉందీ సంఘటన. అది నీ స్థాయికి మించిన కోరిక అని ప్రవక్త (స) అనలేదు. అలాగైతే అధికంగా సజ్దాలు చేసి, ఈ విషయంలో తనకు తోడ్పడమన్నారు. అంటే ఆశను తగ్గించలేదు, దానికి పడవలసిన శ్రమను చూపించారు.

హజ్రత్ జకరియ్యా (అలై) తల నెరిశాక కూడా సంతానం కోసం దుఆ చేశారు. ఆ దుఆ స్వీకరించబడింది.

ధర్మం హెచ్చరించేది మృత్యువును మరపించే ఆశల గురించి, పొరుగువాడి కారు చూసి పుట్టే ఆశల గురించి. రోగులకు సేవ చేయాలన్న అమ్మాయి సంకల్పం ఆ కోవలోకి ఎలా వస్తుంది? నిజం చెప్పాలంటే, కొడుకు రెండో దుకాణం తెరుస్తానన్నప్పుడు మనకెవ్వరికీ తృప్తి గుర్తుకు రాదు.