ప్రదర్శనశాలలో పరదేశి

1851వ సంవత్సరమున లండను హైడుపార్కులో గాజుతోను ఇనుముతోను కట్టిన మహాభవనమునందు నానాదేశముల సరకులు దేశమువారీగా విభజింపబడి ప్రదర్శింపబడినవి. ఆంగ్లేయుల భాగమున ఆవిరియంత్రములు తిరుగుచుండెను. హిందూదేశభాగమున శాలువలు, తిరువాన్కూరు రాజు పంపిన దంతసింహాసనము, అంబారీ కట్టిన యేనుగుబొమ్మ. యంత్రము నేటిది, చేతిపని నిన్నటిది. నేడు మాది, నిన్న వారిది. ఈ మాట గోడమీద నెవ్వరును వ్రాయలేదు. అమర్చిన తీరే దానిని జెప్పెను.

కాశ్మీరపు సాలెవాడు తన యూరిని, తన కులమును ఎరుగును. వాని శాలువ ‘ఇండియా’ యను ఫలకము క్రింద నిలిచెను. ఆ ఫలకమునే పిమ్మట మనమును గర్వముతో ధరించితిమి. పరులు వ్రాసిన పేరు స్వాభిమానమునకు కొంత ఊతయగుట విచిత్రమే గాని, అందు దోషమున్నట్లు నాకు తోచదు.

వస్తువులను విడిచి మనుష్యుల కడకు వచ్చునప్పటికి సంగతి వేరు. 1886లో సౌత్ కెన్సింగ్టనున జరిగిన వలసరాజ్యముల, హిందూదేశపు ప్రదర్శనమును సుమారు 55 లక్షలమంది చూచిరి. అందు భారతభవనపు ముంగిట 30 మందికి పైగా పనివారు కూర్చుండి నేయుచు, కుండలు చేయుచు నుండిరి. అనాదియైన గ్రామజీవనము కన్నులారా చూచితిమని జనులు మురిసిరి. నిజమునకు వారిలో పెక్కుమంది ఆగ్రా కారాగృహమున పని నేర్చినవారు; వెంటబెట్టుకొని వచ్చినవాడు ఆ కారాగృహాధికారియే! సనాతనమని చూపినది సర్కారు చెరసాలలో గరపిన విద్య. వారిలో బక్షీరామను కుమ్మరికి 102 ఏండ్లని ప్రకటించిరి. విక్టోరియా రాణి స్వోబోడా యను చిత్రకారునిచే వారి రూపములను వ్రాయించెను.

అదే ప్రదర్శనమునకు సర్కారు పక్షమున బోయిన త్రైలోక్యనాథ ముఖోపాధ్యాయుడు 1889లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. జనులు గుమిగూడి తమ్ము తేరిపార జూచుటయు, వీరు ఇంటికడ నెందరు భార్యలను విడిచివచ్చిరో యని లెక్కలు గట్టుటయు నందు నవ్వుచు వ్రాసినాడు. సరకులు జూప వచ్చిన యుద్యోగి తానే సరకయ్యెను. అయినను ఆయన ఊరకుండలేదు. తన్ను జూచినవారిని తానును జూచి, గ్రంథమున నిలిపెను.

ఒకరినొకరు చూడక జాతులెట్లు పరిచితములగునని యడుగవచ్చును. చూచుటను నేను తప్పుపట్టను. చూడబడువానికి బదులుచెప్పుటకు, లేచిపోవుటకు స్వేచ్ఛ కలదా యనియే నా ప్రశ్న. మేళాలలో గిరిజనులను వేషములతో నిలిపి, ప్రక్కన నిలుచుండి ఛాయాచిత్రములు దీయించుకొను మన గృహస్థులకును ఇది వర్తించును.

1897లో బెల్జియమునందలి టెర్వూరెనున 267 మంది కాంగోదేశీయులను దెచ్చి, కృత్రిమపు పల్లెలలో నుంచి చూపిరి. వారిలో ఏడుగురు అచటనే మరణించిరి. 1958లో బ్రస్సెల్సు ప్రదర్శనమున మరల నట్టి పల్లెనే కట్టిరి. ఈ మారు, చూపరుల యవమానములను సహింపక, ఆ కాంగోవారు ప్రదర్శనము ముగియకమునుపే స్వదేశమునకు వెడలిపోయిరి.