సగము నేర్చినవాడు బోధింపవచ్చునా?

ఎగువ అహోబిలమున యాత్రికులకు ‘ప్రహ్లాదుని బడి’ యని యొక తావును చూపుదురు. అచ్చటి బండమీది గీతలు ఆ బాలుని వ్రాతలని చెప్పుదురు. అవి చూచినప్పుడెల్ల నాకొక సందేహము. సగము నేర్చినవాడు ఇతరులకు బోధింపవచ్చునా?

మా పాఠశాలలో ఈ ప్రశ్నకు తావే లేదు. శాస్త్రము ముగియనిదే పీఠమెక్కరాదు. కాని కర్నూలు, కడప సీమల పల్లెలో పిల్లలకు రెండు శ్లోకములు చెప్పువాడే లేనప్పుడు ఆ నియమము ఎవరిని కాపాడును?

ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిములను తెలుగు యూదు కుటుంబములు కలవు. 1991లో వారు ప్రార్థనామందిరము నెలకొల్పుకొనిరి. హీబ్రూ వారికి తాతలిచ్చిన సొత్తు కాదు. పెద్దలైన పిమ్మట నేర్చినది. అయినను పిల్లలకు ఆ అక్షరములు దిద్దించుచు, శుక్రవారము ప్రొద్దు గ్రుంకినది మొదలు శనివారపు విశ్రాంతిని పాటించుట నేర్పుదురు. (శనివారము మనకును శ్రీనివాసుని దినమే గదా!)

ప్రహ్లాదుడును నాటికి శిష్యుడే. గురువులు ఇంటిపనిమీద నుండగా, ఆటకు పిలిచిన తోడి బాలురకు హరిభక్తి చెప్పెను. ఇది నీకెట్లు తెలిసెనని వారడుగగా, తల్లి గర్భమున నుండి నారదుని నోట వింటిననెను. తన ప్రజ్ఞ యనుకొనలేదు. వచ్చినంతయే చెప్పి, ఎవరి యొద్ద వింటినో చెప్పువానికి అనుమతి అక్కడనే యున్నదని నా తలంపు.

పీఠమెక్కినవారికే ‘తెలియదు’ అనుట కష్టము. ఒకనాడు ఒక బాలుడు తిరుప్పావైలో నొక మాటకు అర్థమడిగెను. తమిళము నాకంతంతమాత్రము; తోచినది చెప్పి పంపితిని. రాత్రి వ్యాఖ్యానము చూడగా తప్పు. దిద్దవలెనని మఱునాడు కనిపెట్టుకొని యుంటిని. వాడు మఱి రాలేదు.