చెలియలికట్టను దాటినదెవరు?

జ్ఞానం ప్రేమను పెంచుతుందా, తుంచుతుందా? సమాధానం సులభంగా దొరకని ఈ పాత ప్రశ్నకు అమెరికన్ జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ జీవితం ఒక వెలుగు చూపుతుంది.

1907లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్‌లో జన్మించిన కార్సన్‌కు బాల్యంలో సముద్రం కంటికి కనబడినది కాదు. తీరం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. పుస్తకాలలో చదివిన సముద్రాన్నే ఆ బాలిక ప్రేమించింది. రచయిత్రి కావాలన్న కోరికతో కళాశాలలో ఆంగ్ల సాహిత్యాన్ని ఎంచుకుని, మధ్యలో జీవశాస్త్రానికి మారారు. 1929లో మసాచుసెట్స్ తీరంలోని వుడ్స్ హోల్ పరిశోధనశాలకు వెళ్ళినప్పుడు తొలిసారి సముద్రాన్ని కళ్ళారా చూశారు. అప్పటికి ఆమె వయస్సు 22 ఏళ్ళు.

ఆ ప్రేమకు తొలి పరీక్ష శాస్త్రమే పెట్టింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో 1932లో ఆమె పట్టా పొందిన పరిశోధనాంశం సాగరం కాదు. క్యాట్‌ఫిష్ అనే మంచినీటి చేప పిండదశలో మూత్రపిండం తొలిరూపం ఏర్పడే తీరు. అపారమైన కడలిని కోరిన మనిషికి దక్కినది సూక్ష్మదర్శిని కింద అణుమాత్రమైన అవయవం! ప్రాణిని తెలుసుకోవడానికి ప్రాణిని కోయవలసిన విషాదం కూడా ఆ విద్యలో ఉంది. ప్రేమ మాత్రమే ఉన్నవాడు ఇక్కడ వెనుదిరుగుతాడు. కుతూహలం మాత్రమే ఉన్నవాడు ఆ విషాదాన్ని గమనించడు. రెండూ ఉన్నవారికే జ్ఞానం రుణంగా తోస్తుంది.

1936లో కార్సన్ సమాఖ్య ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగిగా చేరారు. యుద్ధకాలంలో సముద్రపు చేపలను ఆహారంగా వాడుకోవడంపై ప్రజలకు చిన్న పుస్తకాలు రాశారు. ప్రభుత్వ విధికీ అంతరంగానికీ నడుమ ఇది వైరుధ్యం కాదా అని అడగవచ్చు. కాదనే చెప్పాలి. వినియోగం స్వయంగా దోషం కాదు. హద్దు తెలియని వినియోగమే దోషం. ఆ హద్దు ఎక్కడుందో చెప్పగలిగినది జ్ఞానమే.

అయితే ఆమె ప్రేమ కూడా ఒకచోట పొరబడింది. 1951లో వెలువడి ఆమెకు కీర్తి తెచ్చిన 'ది సీ అరౌండ్ అస్' గ్రంథంలో, మానవుడు భూఖండాలను లోబరచుకున్నట్లు సముద్రాన్ని లోబరచుకోలేడన్న విశ్వాసం కనిపిస్తుంది. ప్రియమైనది అభేద్యమని నమ్మడం ప్రేమకు సహజమే. కాని అణుధార్మిక వ్యర్థాలను పీపాలలో నింపి సముద్రంలో పారవేస్తున్న కాలమది. 1961 నాటి కూర్పుకు రాసిన కొత్త ముందుమాటలో ఆమె ఆ ప్రమాదాన్ని వివరించి, సముద్రం మానవుని చేతికి అందనిదన్న నమ్మకం అమాయకమైనదని అంగీకరించారు. మరుసటి సంవత్సరం 'సైలెంట్ స్ప్రింగ్' ద్వారా కీటకనాశనుల విచ్చలవిడి వాడకాన్ని ప్రశ్నించారు. 1964లో కన్నుమూశారు.

భావావేశం శాస్త్రవేత్తకు తగదని ఆమెను విమర్శించినవారున్నారు. కాని సాక్ష్యం ఎదురైనప్పుడు ఆమె తన ఇష్టాన్ని సమర్థించుకోలేదు, సరిదిద్దుకున్నారు. ప్రేమ శోధించవలసినదానిని చూపింది. జ్ఞానం ప్రేమలోని భ్రమను తొలగించింది. ఆ రెంటి కలయికలో బాధ్యత పుట్టింది.

సముద్రుడు చెలియలికట్టను దాటడని మన పెద్దల విశ్వాసం. అది సముద్రానికి విధించిన మర్యాద. ఆ కట్టను ఇవతలినుంచి దాటుతున్నది మానవుడేనని కార్సన్ జీవితం గుర్తుచేస్తుంది. మానవునికి కట్ట కట్టవలసినవారు దేవతలు కారు. ప్రేమించి, తెలుసుకుని, తెలిసినదానిని నిర్భయంగా చెప్పగలిగిన మానవులే.