వెల న్యాయమైనను బేరము న్యాయమగునా?

రేపు ఏమగునో తెలియకపోవుట మానవునికి పాత బాధ. ఆ తెలియమికి వెలకట్టుట పాత వ్యాపారము. గత శతాబ్దికి ముందు కలకత్తాలో వాన కురియునా కురియదా అని పందెములు కాచెడివారు. 1897లో బెంగాల్ శాసనము దానిని నిషేధించినది. బజారు హిందీలోని తేజీ, మందీ అను మాటలకును ఇట్టి అర్థమే ఉన్నది. ముందుగా కుదిరిన ధరకు కొనుటకు హక్కు తేజీ. అమ్ముటకు హక్కు మందీ. హక్కే గాని నిర్బంధము లేదు. ఆ హక్కుకై ముందు కొంత సొమ్ము చెల్లింపవలెను. నేటి వాటాల బజారులో దీనినే ఆప్షన్ అందురు.

ఇందు రెండు ప్రశ్నలున్నవి. ఆ హక్కు వెల ఎంత? ఆ బేరము తగునా? మొదటిది గణితమునకు, రెండవది ధర్మమునకు చెందినవి. భవానీపూర్ నివాసియైన ఆశుతోష్ ముఖర్జీ ఈ రెండు విద్యలను సాధించిన పురుషుడు. 1908లో కలకత్తా గణిత సంఘమును స్థాపించినాడు. ఆ కాలముననే హైకోర్టు న్యాయమూర్తి. పందెపు ఒప్పందము చెల్లదను 1872 నాటి చట్టము ఆయన నాడును ఉన్నది, నేడును ఉన్నది. మన ప్రశ్నకు ఆ రెండు దృష్టులును కావలెను.

మొదట గణితము. 1900లో పారిస్‌లో లూయీ బషెలియే ధరల చాంచల్యమును సంభావ్యతా గణితమున నిరూపింపజూచినాడు. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ అనువారు పూర్తి మార్గము చూపిరి. దాని సారము ఇది. నేడు నూరు రూపాయలున్న వాటా నెలకు 120 గాని 80 గాని కాగలదనుకొందము, వడ్డీని విడిచిపెట్టుదము. నూటికే కొనుటకు హక్కు విలువ అప్పుడు 20 గాని సున్న గాని అగును. 40 రూపాయలు అప్పుతెచ్చి, చేతినుండి పది వేసి, సగము వాటా కొన్నవానికిని అప్పు తీర్చినపిదప మిగులునది అంతే. కావున హక్కు వెల పది రూపాయలు. పదిమందిలో తొమ్మిదిమంది ధర పెరుగుననుకొన్నను వెల మారదు. ధర ఎటు పోవునో కాదు, ఎంత ఊగునో తెలిసిన చాలును.

ఈ విద్య అద్భుతము. కాని ఆ ఊపును కొలుచువాడు మానవుడే. 1997లో నోబెల్ బహుమానము పొందిన షోల్స్, మెర్టన్ భాగస్వాములుగానున్న పెట్టుబడి సంస్థయే 1998లో కూలిపోయినది.

ఇక ధర్మము. జనపనార పండించిన రైతు ధర పడిపోవునని భయపడి మందీ కొన్నాడనుకొందము. పంట లేని మరియొకడును అదే వెలకు అదే హక్కు కొన్నాడు. సూత్రము ఇరువురికిని ఒకే లెక్క చెప్పును. కాని మొదటివాడు తనపై ఉన్న భారమును దించుకొన్నాడు. రెండవవాడు లేని భారమును తెచ్చుకొన్నాడు. అట్లని రెండవవానిని నిందించి ఊరకుండరాదు. ఒకడు భారము దించుకొనవలెనన్న మరియొకడు ఎత్తుకొనవలెను గదా!

మన శాసనములు ఈ సందేహముననే నడచినవి. 1952 నాటి చట్టము సరకులలోను, 1956 నాటి చట్టము వాటాలలోను ఆప్షన్లను నిషేధించినవి. వాటాల విషయమున 1995లో నిషేధము తొలగి, 2001లో వ్యాపారము ఆరంభమైనది. 2021-22 నుండి మూడేండ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024లో తేల్చినది. ఆ నష్టము మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది.

వారు చెల్లించిన వెల అన్యాయమని మాత్రమే దీనికి అర్థము కాదు. వెల సరియైనను, ఎత్తుకొన్న భారమెంతో ఎరుగనివానికి, ఎరిగియు మోయలేనివానికి ఆ బేరము తగదు. అట్టివానికి దానిని అమ్మజూపువాడు లెక్క తప్పలేదని చెప్పి తప్పించుకొనజాలడు. ఎదుటివాడు ఎవడో విచారించుట అమ్మువాని విధి. సూత్రము ఆ పని చేయదు.